యూనిఫాం విప్పిన తరువాత



సైన్యంలో ముస్లింల పాత్ర అనగానే మనం అమరుల పేర్లు స్మరించుకుంటాం. 1948లో ఝంగర్ వద్ద నేలకొరిగిన బ్రిగేడియర్ ఉస్మాన్, 1965లో అసల్ ఉత్తర్ వద్ద శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి ప్రాణాలర్పించిన పరమవీర చక్ర గ్రహీత అబ్దుల్ హమీద్ మనకు ప్రాతఃస్మరణీయులే. కానీ సైన్యంలో చేరినవారిలో అత్యధికులు క్షేమంగా తిరిగివస్తారు. ఈ రోజు నేను వారిని గురించి మాట్లాడదలచుకున్నాను.

మన హైదరాబాదులో 1923లో జన్మించిన ఇద్రీస్ హసన్ లతీఫ్ దేశ విభజన వేళ భారత వైమానిక దళంలోనే కొనసాగాలని నిశ్చయించుకున్నారు. 1978 నుంచి 1981 వరకు ఆ దళానికి అధిపతిగా ఉన్నారు. పదవీ విరమణ తరువాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో భారత రాయబారిగా పనిచేశారు. సైనిక జీవితం ఆయనకు మరో ప్రజాజీవితానికి ద్వారం తెరిచింది.

అది ఉన్నతాధికారి సంగతి. జవాను సంగతి వేరు. పదిహేనేళ్ల సర్వీసు పూర్తయితే అతనికి పింఛను అర్హత లభిస్తుంది. ఇరవై ఏళ్లకు చేరినవాడు నలభై దాటకుండానే ఇంటికి చేరవచ్చు. అప్పటికి పిల్లలు బడిలోనే ఉంటారు. వాహనాల మరమ్మతు, వైర్‌లెస్, ఆసుపత్రి సేవ, స్టోర్ల లెక్కలు, ఇలా సైన్యం అతనికి ఎన్నో నేర్పుతుంది. బయటి యజమానికి మాత్రం అతనిలో కాపలాదారుడే కనిపిస్తాడు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాలలో 10 శాతం, గ్రూప్ డి ఉద్యోగాలలో 20 శాతం మాజీ సైనికులకు కేటాయించారు. ఈ సంగతి తెలియక వయసు దాటబెట్టుకున్నవారు మన బస్తీలలో ఉన్నారు.

2022లో వచ్చిన అగ్నిపథ్ ఈ లెక్కను తలకిందులు చేసింది. శిక్షణతో కలిపి సర్వీసు నాలుగేళ్లే. శాశ్వత సర్వీసులోకి తీసుకునేది 25 శాతం మించదు. మిగిలినవారికి సేవానిధి కింద సుమారు 11.71 లక్షల రూపాయలు వస్తాయి. అందులో సగం అతని జీతంలో కోసినదే సుమా! పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడనే హోదా కూడా లేదు. కాబట్టి చేరే కుర్రవాడు మొదటి రోజునుంచే అయిదో సంవత్సరం గురించి ఆలోచించాలి. పదో తరగతితో చేరినవారికి ఇంటర్ స్థాయి సర్టిఫికెట్టు, ఆపైన ఇగ్నో ద్వారా డిగ్రీ పొందే ఏర్పాట్లు ప్రకటించారు. సెలవులకు వచ్చినప్పుడు పెళ్లి సంబంధాల కంటే ముందు ఆ చదువు గురించి అడగండి.

మరొక మాట కటువుగానే చెప్పాలి. మన దేశభక్తికి రుజువుగా పిల్లలను సైన్యంలో చేర్చుదామనే పెద్దలతో నేను ఏకీభవించను. అస్సాంలో ముప్పై ఏళ్లపాటు సైన్యంలో సేవచేసిన ఒక ముస్లిం మాజీ అధికారిని 2019లో ఫారినర్స్ ట్రిబ్యునల్ విదేశీయుడని ప్రకటించింది. ఆయన నిర్బంధ శిబిరానికి వెళ్లవలసివచ్చింది. గౌహతి హైకోర్టు బెయిలు ఇచ్చాకే బయటికి వచ్చారు. ఆయన ధరించిన యూనిఫాం ఆయనను కాపాడలేదు. మన పౌరసత్వం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ఎవరి కొడుకో సరిహద్దులో నిలబడి సంపాదించి పెట్టవలసిన బహుమానం కాదు. పిల్లవాడికి ఆ వృత్తి మీద మక్కువ ఉంటే సంతోషంగా పంపండి.

పంపేముందు కాగితాలు సరిచూసుకోండి. ఒకచోట మహమ్మద్, మరోచోట ఎండీ, ఇంకోచోట మొహమ్మద్ అని మన పేర్లు మూడు రకాలుగా ఉంటాయి. స్కూలు సర్టిఫికెట్టు, ఆధార్, సర్వీసు రికార్డు మూడింటిలోనూ ఒకే పేరు, ఒకే పుట్టినతేదీ ఉండాలి. నికాహ్ కాగానే భార్య పేరు, ఆ తరువాత పిల్లల పేర్లు సర్వీసు రికార్డులో ఎక్కించాలి. ఈ ఒక్క పని వాయిదా వేసినందుకు, భర్త పోయాక కుటుంబ పింఛను కోసం ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగే సోదరీమణులున్నారు. వారికి మొదట చూపవలసిన గడప జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం.

డిశ్చార్జి పుస్తకాలు, పింఛను ఉత్తర్వులు వెంట తెచ్చుకున్నవారు జొహర్ నమాజు తరువాత ఇక్కడే ఆగండి. ఒక్కొక్కటిగా చూద్దాం.