ఆట లేని రాత్రుల అద్దె



మాస్టారి పేరిట మాట్లాడమని కమిటీవారు కబురు పెట్టినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆయన హార్మోనియం కాదు, చిట్టా పుస్తకం. తెనాలిలో చాలామందికి ఆయన హార్మోనిస్టుగానే తెలుసు. తమ నాటక సమాజం లెక్కలు రాసిందీ ఆయనే. ఎర్ర అట్ట వేసిన పొడుగాటి పుస్తకం. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. వ్యాను బాడుగ, డ్రస్సుల అద్దె, రంగు సామాను, తబలా ఆయనకిచ్చింది, దారిలో టిఫిన్లు. చిన్నతనంలో ఆ పుస్తకం తిరగేస్తుంటే ఒక్కోచోట జమ పక్క వారాల తరబడి ఖాళీగా ఉండేది. ఖర్చు పక్క మాత్రం ఒక పద్దు తప్పేది కాదు: తెరల గది అద్దె. ‘ఆట లేదుగా మాస్టారూ, అద్దె దేనికి?’ అని అడిగాను. ‘ఆట లేదని తెరల్ని ఎలుకలు వదిలిపెడతాయట్రా?’ అన్నారు.

ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది 2020లో, న్యూజెర్సీలో. అక్కడ నేనొక చిన్న నాట్య, నాటక సంస్థకు కోశాధికారిని. లాభాపేక్ష లేని సంస్థ. కోవిడ్ వల్ల మార్చి 12న న్యూయార్కులో బ్రాడ్వే నాటకశాలలు మూతపడ్డాయి. మళ్లీ వరసగా తెరుచుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. మాలాంటివాళ్లం కూడా అదే వారం తలుపులు వేసుకున్నాం.

బయటివారికి తోచని సంగతొకటి చెబుతాను. ప్రదర్శన ఆగితే ఖర్చూ ఆగుతుందని అందరూ అనుకుంటారు. ఆగేది రాబడి ఒక్కటే. హాలు అద్దె, ఇన్సూరెన్సు, కరెంటు బిల్లు, ఇద్దరు ఉద్యోగుల జీతం నెలనెలా వస్తూనే ఉంటాయి. ఈ రాత్రి ఖాళీగా పోయిన కుర్చీని రేపు ఇంకోసారి అమ్ముకోలేం. పైగా అమెరికాలో సంస్థలు సీజను మొత్తానికీ ముందే చందా టిక్కెట్లు అమ్ముతాయి. ఆ డబ్బు రిహార్సళ్లకే ఖర్చయిపోతుంది. ఆట రద్దయితే అది తిరిగి ఇవ్వవలసిన బాకీ అవుతుంది. ఆ ఏప్రిల్లో మా ఖాతా చూసుకుని నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ప్రభుత్వాలు కదిలాయి. బ్రిటన్ 2020 జూలైలో సాంస్కృతిక రంగం కోసం 157 కోట్ల పౌండ్లు ప్రకటించింది. అమెరికాలో మూతపడిన ప్రదర్శనశాలల కోసం 1,600 కోట్ల డాలర్లకు పైగా కేటాయించారు. ఒక్కోదానికి 2019లో వచ్చిన రాబడిలో 45 శాతం, గరిష్ఠంగా కోటి డాలర్లు ఇచ్చారు. అవి పెద్ద అంకెలు. నా మనసుకు దగ్గరైనది అంతకంటే చాలా చిన్నది. 1965లో ఏర్పడిన అమెరికా ప్రభుత్వ కళా సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్‌కు, కోవిడ్ సాయం కోసం తెచ్చిన కేర్స్ చట్టం కింద 7.5 కోట్ల డాలర్లు, 2021 మార్చిలో వచ్చిన రెస్క్యూ ప్లాన్ కింద 13.5 కోట్ల డాలర్లు అందాయి.

మామూలు రోజుల్లో ఆ సంస్థ గ్రాంటు ఇచ్చేది ఒక నిర్దిష్టమైన పనికే. ఏ నాటకం వేస్తారు, ఎందరు చూస్తారు అని అడుగుతుంది. తానిచ్చే ప్రతి డాలరుకూ మీరొక డాలరు తెచ్చుకోవాలంటుంది. ఈసారి ఆ షరతు తీసేశారు. జీతాలకు, అద్దెకు, కరెంటుకు వాడుకోవచ్చన్నారు. ఇన్నేళ్లుగా లెక్కలు రాసినవాణ్ణి, అద్దె కోసం డబ్బు అడగవచ్చని ఒక గ్రాంటు కాగితంలో చదవడం నాకదే మొదటిసారి. బల్ల మీద దాన్ని పరిచి కూర్చున్నప్పుడు మాస్టారి ఎర్ర అట్ట పుస్తకం కళ్లకు కట్టింది.

పంచిన తీరు కూడా గమనించాలి. కేర్స్ డబ్బులో నేరుగా సంస్థలకిచ్చిన వాటా అంతకుముందు నాలుగేళ్లలో ఎండోమెంట్ గ్రాంటు పొందినవారికే పరిమితం. ఆ తలుపు ఎన్నడూ తట్టనివారికి దారి లేదు. రెండో విడతలో, అంటే రెస్క్యూ ప్లాన్ డబ్బులో, ఆ గీత చెరిపేశారు. 40 శాతం రాష్ట్ర, ప్రాంతీయ కళా సంస్థల ద్వారా వెళ్లింది. చిన్నవాళ్లకు పంచమని 66 స్థానిక కళా సంస్థలకు డబ్బిచ్చారు. 2022 జనవరిలో 567 సంస్థలకు నేరుగా 5.775 కోట్ల డాలర్లు ప్రకటించారు. ఒక్కో గ్రాంటు 50 వేలు, లక్ష, లేదా లక్షన్నర డాలర్లు. మాకు వచ్చింది స్థానికంగా పంచిన దాంట్లో చిన్న వాటా, ఆరు నెలల అద్దె. అదే లేకపోతే మా అద్దాల గోడ, చెక్క నేల ఇంకెవరి చేతికో పోయేవి. చెక్క నేల పోయిన నాట్య సంస్థ మళ్లీ నిలబడటం నేను చూడలేదు.

ఈ సాయంలో లోటు లేదనను. అది ఒక్కసారి ఇచ్చిన డబ్బు. ప్రేక్షకులు పూర్తిగా తిరిగి రాకముందే అయిపోయింది. 1935 నుంచి నడుస్తున్న ఆరెగాన్ షేక్‌స్పియర్ ఫెస్టివల్ 2023 ఏప్రిల్లో సీజను నిలబెట్టుకోవడానికి 25 లక్షల డాలర్లు కావాలని జనాన్ని అర్థించింది. ఆ జూన్‌లో లాస్ ఏంజెలస్‌లోని మార్క్ టేపర్ ఫోరంలో ప్రదర్శనలు ఆపుతున్నట్టు ప్రకటించారు. జూలైలో న్యూయార్కు పబ్లిక్ థియేటర్ తన సిబ్బందిలో 19 శాతం మందిని తగ్గించుకుంది. జబ్బు తగ్గిన మర్నాడే పథ్యం మానేసినట్టయింది. ఒకేసారి ఇచ్చిన ఆ మొత్తంలో కొంత మూడేళ్లకు విడదీసి ఇచ్చుంటే వీటిలో కొన్నయినా తట్టుకునేవని నా నమ్మకం.

ఇక మన సంగతి. 2020లో లాక్‌డౌన్ మొదలైన మార్చి 25 సరిగ్గా ఉగాది. వారం తిరిగితే శ్రీరామనవమి పందిళ్లు, ఆ పైన వేసవి తిరునాళ్లు. పద్యనాటకం ఏడాది తిండి సంపాదించుకునే కాలమంతా అదే. మరుసటి వేసవిని రెండో వేవ్ తుడిచిపెట్టింది. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజాన్ని తలుచుకోండి. అక్కడ ఇంటిల్లిపాదీ రంగస్థలం మీదే బతుకుతారు. ఆట ఆగిననాడు ఆ ఇంట్లో అందరి రాబడీ ఒక్కరోజే ఆగుతుంది.

మన సమాజాల్లో చాలావాటికి రిజిస్ట్రేషన్ లేదు, ఆడిట్ లేదు. ఎవరైనా సాయం చేద్దామనుకున్నా కాగితం చూపలేవు. ఆ కాగితాలు తయారుచేసే పని మనలాంటి లెక్కలవాళ్లది. దాన్ని కళాకారుల నెత్తిన పెట్టకూడదు. తమ లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలకు చెబుతోంది. కళలు, సంస్కృతి ఆ జాబితాలో ఉన్నాయి. కానీ కంపెనీవారికి ఉత్సవం కావాలి, బ్యానరు కావాలి. తెరల గది అద్దెకు అడిగితే మొహం తిప్పుకుంటారు. అయినా అదే అడగాలి, సిగ్గుపడకుండా అడగాలి.

ఈ ఉపన్యాసం కూడా ఒక డిపాజిట్ మీద వచ్చే వడ్డీతోనే నడుస్తోంది. ఎవరు మాట్లాడినా, మాట్లాడకపోయినా ఆ వడ్డీ ఏటా వస్తుంది. మాస్టారి సమాజానికి అలాంటిదేమీ లేకపోయింది. నాకిచ్చిన పారితోషికం కవరు ఇక్కడే కార్యదర్శిగారి చేతిలో పెడుతున్నాను. సమాజం తెరలు ఇప్పుడున్న గదికి మూడు నెలల బాకీ ఉందని పొద్దున విన్నాను. రసీదులో విరాళం అని రాయకండి, అద్దె అని రాయండి.