ధర్మలాటరీలు – వాటి సొమ్ము



ధర్మకార్యమునకు చందా యిమ్మని యడిగినచో ఇచ్చువారు కొందరే. ఆ కార్యము పేరనే లాటరీ చీటి అమ్మజూపినచో కొనువారు వేలకొలది వత్తురు. దయయును ఆశయును మనుజుని హృదయమున ఇరుగుపొరుగులుగా నివసించుచుండును. ఆ రెంటిని ఒక్క చీటిలో చుట్టి యమ్ముటయే ధర్మలాటరీ. ఈ పద్ధతి మంచిదా, చెడ్డదా యను వాదము చాల పాతది. నేనిప్పుడు దానిలోనికి దిగను. ప్రభుత్వము ఒకమారు అనుమతి నొసగిన పిమ్మట ఆ సొమ్మునకు కాపుదల యెట్లుండవలె నన్నదే నేటి ప్రసంగ విషయము.

చీటి కొన్నవాని రూపాయి అనేక భాగములగును. కొంత బహుమానములకు, కొంత అమ్మువారి కమిషనునకు, కొంత నిర్వాహకుల ఖర్చులకు, పన్నున్నచో కొంత ఖజానాకు పోవును. ఇవన్నియు పోగా మిగిలినదే ధర్మమునకు దక్కును. చీటిమీద పెద్ద అక్షరములతో అచ్చుపడునది ధర్మము పేరే. కాని పంక్తిలో కడపట కూర్చుండునదియు ధర్మమే. కడపటి విస్తరి దాక వడ్డన యెంత వచ్చునో మనమెరుగని విషయము కాదు.

ఈ చిక్కు నేటిది కాదు. లండనులోని బ్రిటిషు మ్యూజియము స్థాపనకై 1753లో పార్లమెంటు ఒక శాసనము చేసి, ధనము కొరకు లాటరీ నేర్పరచెను. చీటి వెల 3 పౌనులు, చీటులు 1,00,000. వచ్చు 3,00,000 పౌనులలో 2,00,000 బహుమానములకు, తక్కినది ఖర్చులు పోను మ్యూజియమునకు. ఒక్కరికి 20 చీటులకు మించి అమ్మరాదని నిబంధనయు చేసిరి. అయినను చీటుల విక్రయమునకు నియుక్తుడైన పీటర్ లెహూప్ అనునతడు కల్పిత నామములతో చీటులను కొందరు వర్తకుల పాలు చేసెను. అవి పిమ్మట బజారులో హెచ్చు వెలకు అమ్ముడుపోయినవి. 1755లో అతనికి 1,000 పౌనుల జరిమానా పడెను. అతడు గడించిన లాభము అంతకు అనేక రెట్లని ప్రతీతి. కంచెయే చేను మేసిన దనుట కిది చక్కని దృష్టాంతము.

ఇంతకంటె ఎక్కువగా ఆలోచింపదగినది ఐర్లండు దేశపు కథ. 1930 ప్రాంతమున డబ్లిను నగరములోని ధర్మ ఆసుపత్రులు ధనము చాలక క్రుంగుచుండెను. వాటి సహాయార్థము గుఱ్ఱపు పందెములపై లాటరీ నడుపుకొనుటకు ఆ యేట ప్రభుత్వము శాసనము మూలమున అనుమతించెను. దానిని నడపినది ప్రభుత్వము కాదు, ఒక ప్రైవేటు కంపెనీ. రిచర్డ్ డగ్గన్, స్పెన్సర్ ఫ్రీమన్, మాజీ మంత్రి జోసెఫ్ మెక్‌గ్రాత్ అనువారలు దానికి మూలపురుషులు. చీటి తీయు దినము గొప్ప ఉత్సవము. పెద్ద పీపా గిరగిర తిరుగుచుండ, దుస్తులు ధరించిన నర్సులు పోలీసు అధికారుల యెదుట చీటులు తీయుచుండిరి. ఆ తంతులో మోసమున్నదని యెవరికిని అనుమానము కలుగరాదని వారి తలంపు.

పంపకము విషయములోను ప్రభుత్వము ఊరకుండలేదు. 1933లో వేరొక శాసనము చేసి, ఏ ఆసుపత్రికి ఎంత అవసరమో విచారించి మంత్రికి సలహా చెప్పుటకు ఆసుపత్రుల కమిషనును నియమించెను. 1948 మొదలు 1951 వరకు ఆరోగ్యమంత్రిగా నుండిన నోయెల్ బ్రౌన్ ఈ నిధితోనే క్షయరోగులకు వైద్యాలయములు కట్టించెను. కావున ఆ సొమ్ము వ్యర్థమైనదనుట అన్యాయము.

మరి లోపమెక్కడ? చీటులలో అధిక భాగము బ్రిటనులోను అమెరికాలోను అమ్ముడుపోవుచుండెను. అక్కడ ఆ విక్రయము చట్టవిరుద్ధము. దొంగచాటుగా సరకు మోయువాడు రసీదు వ్రాసి యివ్వడు గదా! అందువలన ఖర్చు లెంత, కమిషను లెంత, నిర్వాహకుల లాభ మెంత అను లెక్క ప్రజల యెదుటికి రాలేదు. పీపా తిరుగుట నందరును చూచిరి. సొమ్ము నడచిన దారిని చూచినవారు లేరు. 1973లో జో మెకాంథనీ అను పత్రికా రచయిత సండే ఇండిపెండెంటు పత్రికలో వ్రాసిన వ్యాసము, చీటుల వెలలో పదియవ వంతైనను ఆసుపత్రులకు చేరుట లేదని చాటెను. అనుమతి పుట్టి అప్పటికి 43 సంవత్సరములు గడచినవి! 1987లో తపాలా సంస్థ చేతిమీదుగా క్రొత్త జాతీయ లాటరీ ఆరంభమయ్యెను. పాత లాటరీ అంతరించెను. కట్టిన వైద్యాలయములు మన కన్నుల కగపడును. ఆ దాచిన లెక్కలలో కరగిపోయిన మంచములు, మందులు మాత్ర మెవరి కన్నులకు నగపడవు.

ఈ కథవలన మూడు నీతులు తేలుచున్నవి. మొదటిది, ధర్మము పాలు ఖర్చులు పోగా మిగిలినదానిలో కాక, మొత్తము వసూలులో నిర్ణయింపబడవలెను. బ్రిటనులో 2005 నాటి జూద శాసనము ధర్మసంఘముల లాటరీల మొత్తము వసూలులో నూటికి 20 వంతులైనను ఉద్దేశింపబడిన కార్యమునకు చేరవలెనని విధించినది.

రెండవది, చీటు లమ్మువాడే పంచువాడు కారాదు. 1994లో ఆరంభమైన బ్రిటిషు జాతీయ లాటరీని లైసెన్సు పొందిన కంపెనీ నడపును. కళలు, క్రీడలు, పురాతన కట్టడములు మున్నగు వాటికి ధనము పంచునవి వేరు సంస్థలు.

మూడవది, కాపరికిని కాపలా కావలెను. 2007లో బ్రిటిషు ప్రభుత్వము ఒలింపిక్ క్రీడల వ్యయము పెరిగినదని సత్కార్యముల నిధినుండి అదనముగా 67.5 కోట్ల పౌనులను మరలింప నిశ్చయించినప్పుడు ధర్మసంఘములు మొరపెట్టుకొనినవి. ప్రభుత్వము తాను చేయవలసిన ఖర్చును లాటరీ సొమ్ముతో పూడ్చుకొనినచో ధర్మమునకు క్రొత్తగా కలిగిన మేలేమి?

మన దేశములో 1998 నాటి లాటరీల నియంత్రణ శాసనము, రాష్ట్ర ప్రభుత్వమే చీటులు తీయించవలెననియు, వసూలు రాష్ట్ర ఖజానా లెక్కలో జమకావలెననియు ఆదేశించినది. తెలుగు రాష్ట్రములు రెండును నేడు లాటరీలు నడపుట లేదు. కేరళము 1967 నుండి నడపుచున్నది. కారుణ్య అను పేరుగల లాటరీ ఆదాయముతో పేదల హృద్రోగము, పుట్టకురుపు, మూత్రపిండముల వ్యాధి మున్నగువాటి చికిత్సకై అక్కడ 2012లో ఒక నిధి యేర్పడెను. పిమ్మట ఆ సహాయము రాష్ట్ర ఆరోగ్య రక్షణ పథకములో చేరినది. ప్రభుత్వమే నిర్వాహకు డైనచో ప్రైవేటు లాభము బెడద తగ్గును. కాని ఖజానాలో పడిన సొమ్ము సముద్రములో కలిసిన యేటినీరు వంటిది. దాని పేరు వేరుగా నిలువదు. రోగి పేర వచ్చిన ప్రతి రూపాయికిని వేరు పద్దు, వేరు తనిఖీ యుండుట అందువలన అవసరము.

చీటి తీయుట పదిమంది యెదుట జరుగవలెనని యెల్ల ప్రభుత్వములును ఒప్పుకొనినవి. పంపకపు లెక్కయు అట్లే పదిమంది యెదుట చదువబడవలెను. చీటి కొన్నవారిలో బహుమానము గెలుచువాడు లక్షకొక్కడు. తక్కినవారందరును, తమకు తెలిసియో తెలియకయో, దాతలే. తామిచ్చినది ఎవరికి చేరినదో అడుగు హక్కు ఆ దాతలకు గలదు. చెప్పు బాధ్యత ప్రభుత్వమునకు గలదు.