జనవరి 1న పుట్టనివాళ్లు

 

ఆసుపత్రుల రికార్డులు, బీమా ఫైళ్లు, సంక్షేమ పథకాల జాబితాలు. నా ఉద్యోగ జీవితమంతా వీటి డేటాబేస్‌ల మధ్యే గడిచింది. ఎక్కడ పనిచేసినా నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది, ఎక్కువ నేర్పింది ఒకటే గడి. పుట్టినతేదీ. ఇవాళ పట్టా అందుకుంటున్న మీతో దాని గురించే మాట్లాడతాను.

2010లో కృష్ణా జిల్లా తీరాన ఒక ఊళ్లో, అరవై నిండినవాళ్లకు వర్తించే ఒక పథకానికి పేర్లు ఎక్కిస్తున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ రాసిన బృందంలో నేనొకణ్ణి. ఎలా నడుస్తోందో చూద్దామని వెళ్లి ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక పెద్దావిడ వచ్చింది.

"పుట్టినతేదీ చెప్పు మామ్మా" అన్నాడు కుర్రాడు.

"తేదీ నాకేం తెలుసు బాబూ. ఉప్పెనొచ్చినప్పుడు నా నాలుగోవాడు చంకలో ఉన్నాడు."

"అది కాదు మామ్మా, వయసెంత?"

"ఏమో, యాభై ఐదో అరవయ్యో. నువ్వే చూసి వేసుకో."

కుర్రాడు ఆమె మొహంలోకి ఒకసారి చూసి 55 అని కొట్టాడు. సాఫ్ట్‌వేర్ దాన్ని 01-01-1955గా మార్చుకుంది. ఆ వెంటనే తెర మీద 'అనర్హులు' అని ఎర్రగా వచ్చింది. ఆ లెక్క రాసింది నేను. తేదీ పూర్తిగా నింపనిదే ఫారం కదలకూడదని షరతు పెట్టిందీ నేనే.

ఆమె చెప్పిన ఒక్క వాక్యంలో ఎంత సమాచారముందో చూడండి. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబర్ 19న. అప్పటికి ఆమెకు నలుగురు పిల్లలు. 1955 జనవరి 1 నిజమైతే ఆ రోజుకి ఆమె వయసు ఇరవై రెండు. ఇరవై రెండేళ్లకు నలుగురు పిల్లలుండటం అసాధ్యం కాదు. కానీ విన్నవాళ్లు ఒక్క క్షణం ఆగి మళ్లీ అడగాల్సిన సంగతి. ఆమె తనకు తెలిసిన నిజం చెప్పింది. దాన్ని పెట్టుకోవడానికి మా ఫారంలో చోటు లేదు. చోటున్నది అబద్ధానికే.

మీలో చాలామంది ఇళ్లలో పెద్దవాళ్ల ఆధార్ మీద జనవరి 1 కనిపిస్తుంది. ఆధార్ నమోదులో పుట్టినతేదీ మూడు రకాలు: పత్రం చూసి నిర్ధారించింది, మనిషి తానుగా చెప్పింది, వయసును బట్టి ఉజ్జాయింపుగా వేసింది. వయసు మాత్రమే తెలిస్తే సంవత్సరం లెక్కగట్టి జనవరి 1 వేస్తారు. అది ఉజ్జాయింపు అన్న సంగతి వ్యవస్థలో ఒక గుర్తుగా నమోదవుతుంది. తొలినాళ్ల కార్డుల్లో కొన్నింటి మీద సంవత్సరం మాత్రమే అచ్చయ్యేది కూడా. అయితే ఆ తేదీ కార్డు మీదికి, కార్డు నుంచి జిరాక్స్‌కి, జిరాక్స్ నుంచి బ్యాంకు ఫారానికి, అక్కణ్ణుంచి బీమా కంపెనీ టేబుల్‌కి ప్రయాణం చేసేటప్పుడు ఆ గుర్తు వెంట రాదు. మూడో మజిలీకి చేరేసరికి ఉజ్జాయింపు కాస్తా సాక్ష్యమైపోతుంది.

అలా అయినప్పుడు ఏం జరుగుతుందో 2024 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో చూడొచ్చు. రోడ్డు ప్రమాదంలో ఒక మనిషి చనిపోయాడు. ఆధార్‌లో అతని పుట్టినతేదీ 1969 జనవరి 1. బడి విడిచినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్‌లో 1970 అక్టోబర్ 7. మోటారు ప్రమాద పరిహారాన్ని వయసును బట్టి ఒక గుణకంతో లెక్కిస్తారు. 41 నుంచి 45 ఏళ్ల వరసకు ఆ గుణకం 14, 46 నుంచి 50 వరసకు 13. హైకోర్టు ఆధార్ తేదీ పట్టుకుని 13 వేసింది. వయసు నిర్ధారణకు ఆధార్ సరైన పత్రం కాదని, బడి సర్టిఫికెట్ తేదీనే తీసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పి 14 వేసింది. ఆ ఇంటికి సుమారు ఏడాది సంపాదనంత తేడా అది.

బడి తేదీలు మాత్రం దేవుడు రాసినవా అంటే, కాదు. మన ఊళ్లలో పిల్లవాణ్ణి బడిలో చేర్చడానికి తీసుకెళితే పంతులుగారు వాడి ఎత్తు చూసి, బడిలో చేరేనాటికి ఐదేళ్లు నిండేటట్టు ఒక తేదీ వేసేవారు. ఒక తరం వాళ్ల పదో తరగతి సర్టిఫికెట్లలో జూన్ 1, జులై 1 అన్నిసార్లు కనిపించడానికి కారణం అదే. పంతులుగారిని నేను తప్పుపట్టను. ఆయన ముందున్న రిజిస్టరులోనూ 'తెలియదు' అన్న గడి లేదు. ఆ తేదీ వేయకపోతే పిల్లవాడు బయట నిలబడాలి.

ఇక యంత్రాల సంగతి. వీటిని మీరు రేపటి నుంచీ నిజంగా ఎదుర్కొంటారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ పాత వెర్షన్‌కి 2009-02-30 అని పంపితే ఆపేది కాదు. ఎవరూ చదవని ఒక హెచ్చరిక ఇచ్చి, లోపల 0000-00-00 అని దాచుకునేది. మనిషి ఏదో ఒకటి చెప్పాడన్న ఆనవాలు కూడా మిగిలేది కాదు. 2015లో వచ్చిన 5.7 వెర్షన్‌తో స్ట్రిక్ట్ మోడ్ మామూలు పద్ధతి అయ్యింది, ఇలాంటి తేదీలను తిప్పికొట్టడం మొదలుపెట్టింది. ఆ పాత మైఎస్‌క్యూఎల్ 1955-00-00 అని రాసుకోనిచ్చేది కూడా. సంవత్సరం తెలుసు, నెలా రోజూ తెలియవు అని దానర్థం. ఆ సున్నాల వెనక ఉన్న ఉద్దేశం మంచిదేనని నా అభిప్రాయం. చిక్కల్లా ఏమిటంటే, డేటాబేస్ బయట ఆ తేదీని అర్థం చేసుకునేవాళ్లు లేరు. పూర్తిగా సున్నాలైన 0000-00-00ని చదవబోయి జావా ప్రోగ్రాములు ఆగిపోయేవి. అప్పుడు అర్ధరాత్రి ఫోను అందుకున్న ఇంజినీరు ఆ సున్నాలను నల్‌గానో, అంటే ఖాళీగానో, ఇంకేదో తేదీగానో మార్చే సెట్టింగ్ పెట్టి పడుకునేవాడు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మరో డేటాబేస్‌లో ఖాళీ స్ట్రింగ్‌ను తేదీగా మారిస్తే 1900 జనవరి 1 వస్తుంది. యునిక్స్ గడియారంలో సున్నా అంటే 1970 జనవరి 1, మన దేశంలో ఆ ఉదయం అయిదున్నర. జావాస్క్రిప్ట్‌లో నెలా రోజూ అంకెలుగా ఇచ్చి లీపు కాని ఏడాదిలో ఫిబ్రవరి 30ని అడిగితే, మారుమాట లేకుండా మార్చి 2ని చేతిలో పెడుతుంది. సంవత్సరాన్ని రెండంకెల్లో 45 అని ఇస్తే పైథాన్ దాన్ని 2045గా చదువుతుంది, ఇంకా పుట్టని మనిషికి పింఛను లెక్కగట్టమంటుంది. కాబట్టి మీ చేతికొచ్చిన ఏ టేబుల్‌లోనైనా మొదట చేయాల్సిన పని, ఏ తేదీ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టించడం. 1900, 1970 జనవరి ఒకటోతేదీలు, ప్రతి ఏడాదీ జనవరి 1, జూన్ 1, జులై 1 గుట్టలుగా పైకొస్తాయి. వాటిలో చాలావరకు పుట్టినరోజులు కావు. ఎవరో ఎక్కడో 'తెలియదు' అనలేకపోయిన చోట్లు.

మరి ఖాళీగా వదిలేస్తే? నల్ పెడితే? అబద్ధం కంటే ఖాళీ వెయ్యిరెట్లు నయం. అయినా నల్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. నల్‌తో దేన్ని పోల్చినా జవాబు అవుననీ రాదు, కాదనీ రాదు. 1950కి ముందు పుట్టినవాళ్లెవరని క్వెరీ రాస్తే తేదీ లేని మనిషి అందులో రాడు. 1950లోనో తర్వాతో పుట్టినవాళ్లెవరని అడిగితే అందులోనూ రాడు. రెండు జాబితాలూ కలిపి అందరూ వచ్చేశారనుకుని మనం సంతకం పెడతాం. అతను ఏ లెక్కలోనూ లేడు. పైగా ఆ ఖాళీ ఎందుకు ఖాళీగా ఉందో అది చెప్పదు. మరణించిన తేదీ అన్న కాలమ్ తీసుకోండి. అక్కడ నల్ ఉంటే మనిషి బతికున్నట్టా? చనిపోయాడు గానీ తేదీ తెలియనట్టా? అసలు ఎవరూ అడగనట్టా? ఒక ఆసుపత్రి రికార్డుల్లో ఈ మూడూ ఒకే ఖాళీలో కలిసిపోయి ఉండటం నేను చూశాను. చనిపోయిన బిడ్డ పేరున టీకా గుర్తుచేస్తూ ఆ తల్లి ఫోనుకి సందేశం వెళ్లింది. ఆమె ఆసుపత్రికి వచ్చి ఆ ఫోను కౌంటర్ మీద పెట్టి నిలబడింది, ఏమీ అనలేదు. ఆ కాలమ్ పక్కన, ఖాళీ ఎందుకో చెప్పే ఇంకొక్క కాలమ్ ఉంటే ఆ సందేశం వెళ్లేది కాదు.

ఆ పెద్దావిడ విషయంలో మేం చివరికి చేసిందేమిటో చెబుతాను. ఒక్క తేదీ ఉన్న చోట రెండు పెట్టాం. ఇంతకంటే ముందు పుట్టి ఉండరు అని ఒకటి, ఇంతకంటే తర్వాత పుట్టి ఉండరు అని ఒకటి. తేదీ కచ్చితంగా తెలిసినవాళ్లకు రెండూ ఒకటే. సంవత్సరం మాత్రమే తెలిస్తే జనవరి 1, డిసెంబర్ 31. తెలుగు సంవత్సరం పేరు చెప్పేవాళ్లకు కూడా ఇదే పనికొచ్చింది. సర్వజిత్తు నామ సంవత్సరం అంటే 1947 ఉగాది నుంచి 1948 ఉగాది దాకా. అది ఇంగ్లిషు సంవత్సరంలో ఇమడదు, రెండు తేదీల మధ్య మాత్రం చక్కగా ఇముడుతుంది. అరవై ఏళ్లకోసారి పేరు తిరిగి వస్తుందన్న భయం అక్కర్లేదు, ఎదురుగా కూర్చున్నది ఏ సర్వజిత్తు మనిషో చూస్తే తెలుస్తుంది. ఈ రెండు తేదీల పక్కన 'ఎలా తెలిసింది' అని ఒక కాలమ్, మనిషి చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోవడానికి ఇంకొకటి. పాత డేటాలోంచి వచ్చిన ఫిబ్రవరి 30లను సరిదిద్దే ప్రయత్నం చేయలేదు. వాటిని ఉన్నవున్నట్టు ఒక విడి టేబుల్‌లో ఉంచి, మనిషిని అడిగి తేల్చుకున్నాకే బయటికి తెచ్చాం.

అర్హత లెక్క కూడా మారింది. రెండు తేదీల ప్రకారమూ అరవై నిండితే అర్హులు. రెండింటి ప్రకారమూ నిండకపోతే కారు. ఒకదాని ప్రకారం నిండి, ఇంకోదాని ప్రకారం నిండకపోతే యంత్రం తీర్పు చెప్పదు. ఆ ఫైలు ఒక మనిషి బల్ల మీదికి వెళుతుంది, ఆ మనిషి ఊళ్లోకి వెళ్లి విచారించాలి. ఇది ఖర్చుతో కూడిన పనే. ప్రాజెక్టు సమావేశాల్లో దీన్ని తీసేయమని మీ మీద ఒత్తిడి వస్తుంది. తీసేయకండి. దీనికోసం పోట్లాడండి.

ఇదేదో మా ఊరి కిటుకు అనుకోకండి. ఆసుపత్రుల మధ్య రోగుల సమాచారం పంపుకోవడానికి వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలో సంవత్సరం మాత్రమే రాసినా, సంవత్సరమూ నెలా రాసినా తేదీగా చెల్లుతుంది. 2019లో వచ్చిన ఐఎస్‌ఓ 8601 రెండో భాగంలో తెలియని అంకె చోట ఎక్స్ పెట్టవచ్చు, ఉజ్జాయింపు అని చెప్పడానికి ఒక అలగుర్తు వేయవచ్చు. గ్రంథాలయాలు, పురాతన పత్ర భాండాగారాలు నడిపేవాళ్లు ఈ అవసరాన్ని ఎప్పటి నుంచో ఎరుగుదురు. తాళపత్రం మీద తేదీ లేకపోతే దానికి జనవరి 1 వేయాలని వాళ్లకు తోచదు.

ఆ పెద్దావిడ ఫైలు విచారణకు వెళ్లింది. ఆమె వెనక పుట్టిన తమ్ముడొకడు ఆ ఊరి బళ్లో ఐదో తరగతి దాకా చదివాడని తేలింది. అడ్మిషన్ రిజిస్టరు తీయించారు. తమ్ముడి పుట్టినతేదీ 1947 జులై 1. అదీ పంతులుగారు వేసిందే అయ్యుంటుంది. అందుకని రెండేళ్లు అటూ ఇటూ వదిలారు. ఎలా వదిలినా అక్క 1949 దాటి పుట్టే వీల్లేదు, 2010కి ఆమెకు అరవై నిండినట్టే. కుర్రాడు ఆమెను మళ్లీ పిలిపించి ఫారం తెరిచాడు. ఈసారి వయసు అడగలేదు.

"ఉప్పెన మాట మళ్లీ ఒకసారి చెప్పు మామ్మా, రాసుకుంటాను" అన్నాడు.

ముందు హద్దు ఖాళీగానే ఉంది. వెనక హద్దు 1949 డిసెంబర్ 31. ఎలా తెలిసింది అన్నచోట, తమ్ముడి బడి రిజిస్టరు. దాని పక్క గడిలో ఆ అబ్బాయి రెండు వేళ్లతో తెలుగులో టైపు చేశాడు: "ఉప్పెనొచ్చినప్పుడు నా నాలుగోవాడు చంకలో ఉన్నాడు."