పాత కారు ఏ.సి. తీయిస్తున్నారా?



కారు బానెట్టు కింద సంగతులు మగవాళ్ళవి, మనకెందుకులే అనుకునే రోజులు కావివి. పిల్లల్ని బడిలో దింపేదీ మనమే, దారిలో కారు ఆగిపోతే ఎండలో నిలబడేదీ మనమే.

అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా పెద్దవాళ్ళ గుర్తుగా ఆ కారుని ఇంటి మనిషిలా చూసుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అలాంటి కార్లలో కొన్నిటికి ఏ.సి. తరవాత బయట బిగించినదే. పాడైపోయాక దాన్ని తీయించేయవచ్చు. కాని, "బెల్టు కోసేస్తే సరి" అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి.

ఇంజను ముందు కింది భాగంలో నూతి గిలకలాంటి పుల్లీ ఒకటి తిరుగుతుంటుంది. దానిమీది రబ్బరు బెల్టే ఫ్యానునీ, నీళ్ళ పంపునీ, బ్యాటరీని చార్జి చేసే డైనమోనీ తిప్పుతుంది. ఏ.సి. కంప్రెసరుకి వేరే బెల్టు ఉంటే చిక్కు లేదు, అదొక్కటే తీసేస్తే చాలు. ఒకే బెల్టు అన్నిటినీ చుట్టి వస్తుంటే మాత్రం, కంప్రెసరు పోయాక ఆ బెల్టు పొడుగైపోతుంది. అప్పుడు డైనమోని ఇంజను వైపు జరిపి, మిగిలిన పుల్లీల చుట్టూ తాడు వేసి కొలిచి, సరిపడే పొట్టి బెల్టు వేయించాలి. పుల్లీలన్నీ ఒకే వరసలో ఉండాలి. నీళ్ళ పంపు పుల్లీని బెల్టు బాగా చుట్టుకుని పోవాలి.

బిగువు సంగతి కుట్టు మిషను తొక్కేవారికి చెప్పక్కరలేదు. వదులైతే బెల్టు జారుతుంది, బ్యాటరీ చార్జి కాదు, ఇంజను వేడెక్కుతుంది. మరీ బిగిస్తే బేరింగులు అరిగిపోతాయి. ఇంజను ఆపి, బెల్టు పొడుగ్గా ఉన్నచోట నడుమ బొటనవేలితో నొక్కితే సుమారు అరంగుళం దిగాలి. కొత్త బెల్టు కొంత సాగుతుంది కనుక కొద్దిరోజులకు మళ్ళీ చూపించండి.

ఇక గ్యాసు మాట. పాత ఏ.సి.లలో వాడిన ఆర్-12 గ్యాసు ఓజోన్ పొరకు చేటు చేస్తుంది. అలాంటి వాటిని మానిపించడానికే 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. గొట్టం విప్పి గాలిలోకి వదలనివ్వకండి. చర్మం మీద చిమ్మితే గడ్డకట్టి బొబ్బలెక్కుతుంది, మంటకు తగిలితే విషవాయువు పుడుతుంది. గ్యాసుని సిలిండరులోకి లాగే మిషను ఉన్న షాపులోనే ముందు ఖాళీ చేయించండి. కంప్రెసరుకి వచ్చే కరెంటు వైరు కొసను కూడా వేలాడనివ్వకుండా టేపు చుట్టించండి.

చివరిగా ఒక హెచ్చరిక. దారిలో చార్జింగు ఎర్రదీపం వెలిగి, వేడి చూపే ముల్లు పైకి పోతుంటే బెల్టు తెగిందేమోనని అనుమానించాలి. ఇల్లు దగ్గరే కదా అని నడపకండి, ఇంజను హెడ్డు వంగితే ఖర్చు వేలలో ఉంటుంది. పక్కకి ఆపి చల్లారనివ్వండి. ఆవిరి మీదున్న ప్రెషర్ కుక్కరు మూత మనం తీస్తామా? రేడియేటరు మూతా అంతే.

అదే కొలత బెల్టు మరొకటి డిక్కీలో ఉంచుకుంటే, ఆ పూట నడిరోడ్డు మీద పడిగాపులు తప్పుతాయి. సెలవు.