ఏలకుల ఊరి పిల్లలకు ఒక మాట



మన బోడినాయకనూరు ఏలకుల వ్యాపారానికి పేరుపొందిన ఊరు. పక్కనున్న ఇడుక్కి కొండల్లో పండిన కాయ ఇక్కడి వేలానికి వస్తుంది. కడుపుబ్బరానికి, వికారానికి, నోటి దుర్వాసనకు మన అవ్వలు ఏలక్కాయే ఇచ్చేవారు. గింజల్లోని తైలంలో 1,8-సినియోల్, ఆల్ఫా-టెర్పినైల్ అసిటేట్ ముఖ్యమైనవి. ఆ తైలం గాలికి ఎగిరిపోతుంది. అందుకే కాయను తొక్కతోనే దాచి, వాడేముందు దంచుకోమని నేను చెబుతాను.

తల్లిదండ్రులారా, బి.పి.కి, షుగరుకు డాక్టరు ఇచ్చిన మాత్రలు మాని ఏలకుల కషాయాన్ని నమ్ముకోకండి. అది చిన్న బాధలకు ఉపశమనమే గాని, చికిత్సకు బదులు కాదు.

విద్యార్థులారా, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, ఫార్మసీ, ఏది చదివినా ఈ కాయ మీకు పాఠమే. అవ్వ చెప్పినదాంట్లో ఎంత నిజముందో పరీక్షించి తెలుసుకోండి. అవ్వకు మీరిచ్చే గౌరవం అదే. సెలవు.