పెద్ద కుక్క, చిన్న కుక్క, ఒకే ఇల్లు

(లండన్ శివారు స్టాన్‌మోర్ నుంచి సామాజిక రేడియోలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ కుక్కల గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. నేను పశువైద్యురాలిని కాను, కుక్కలకి శిక్షణ ఇచ్చే మనిషినీ కాను. మీలాగే ఉద్యోగం, పిల్లలు, వంట, వీటి మధ్య రెండు కుక్కల్ని పెంచినదాన్ని. ఒకటి రాజా, 35 కిలోల జర్మన్ షెపర్డ్. రెండోది బుజ్జి, 3 కిలోలు కూడా తూగని పమేరియన్. నా పొరపాటు వల్ల ఒక రాత్రి బుజ్జి చావు దాకా వెళ్ళి వచ్చింది. ఆ పొరపాటు మీ ఇంట్లో జరగకూడదనే ఈ ప్రసంగం.

రాజా మాకు ముందు నుంచీ ఉన్నాడు. బుజ్జి తర్వాత వచ్చింది. మాకు బాగా కావలసిన ఒక కుటుంబం హైదరాబాదు తిరిగి వెళ్ళిపోతూ, దాన్ని మా ఇంట్లో వదిలి వెళ్ళారు. అప్పుడు మా అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. నేను భయపడుతుంటే ఆవిడ, "ఎందుకమ్మా కంగారు? పెద్దవాడు చిన్నదాన్ని చూసుకుంటాడులే, మన పిల్లలు పెరగలేదూ?" అన్నారు. నాకూ ఆ మాట నచ్చింది. నిజంగానే నెలన్నర పాటు చూసుకున్నాడు. పక్కపక్కనే పడుకునేవి. ఫోటోలు తీసి అందరికీ పంపించాను.

దీపావళి వచ్చింది. ఇక్కడి సంగతి మీకు తెలిసిందే. హ్యారోలో దీపావళికీ, నవంబరు 5న బాన్‌ఫైర్ నైట్‌కీ టపాకాయలు ఆగవు. ఆ సాయంత్రం భోజనానికి ఇరవై మందిని పిలిచాం. మాది సెమీ డిటాచ్డ్ ఇల్లు, తలుపు తీయగానే సన్నటి హాలు, అందులో సగం మేర చెప్పుల కుప్ప. బెల్లు మోగింది. రెండు కుక్కలూ ఒక్కసారే తలుపు దగ్గరికి పరుగెత్తాయి. వచ్చినవాళ్ళ కాళ్ళ మధ్య బుజ్జి ఇరుక్కుని కీచుమంది. అదే క్షణంలో వీధిలో పెద్ద చప్పుడు. రాజా దాన్ని వీపు మీద పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి వదిలేశాడు. అంతా రెండు సెకన్లు.

చూస్తే రెండు చిన్న గాట్లు. నెత్తురు కూడా పెద్దగా లేదు. "ఏం కాలేదులెండి, పసుపు పెట్టండి" అన్నారు ఎవరో. నేనూ పొద్దున చూద్దాంలే అనుకున్నాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు, ఏడ్చి గోల చేసి అప్పటికప్పుడు వెట్ దగ్గరికి తీసుకెళ్ళేలా చేసింది. అక్కడ బొచ్చు తీసి చూస్తే, పైన చర్మం బాగానే ఉంది, లోపల కండ చీలిపోయింది, ఒక పక్కటెముక విరిగింది. పొద్దున దాకా ఆగి ఉంటే బతికేది కాదన్నారు.

ఈ ఒక్క విషయం మాత్రం గుర్తు పెట్టుకోండి. పెద్ద కుక్క చిన్న కుక్కని పట్టి విదిలిస్తే పైన కనిపించే గాయం కొంచెమే, లోపలి నష్టం చాలా ఎక్కువ. పళ్ళు ఒక చోట దిగుతాయి, విదిలింపుకి చర్మం కింద కండరాలు, ఎముకలు, ఒక్కోసారి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మెడ మీద పడితే శ్వాసనాళం. షిట్జూ, పగ్ వంటి చప్పిడి మొహం జాతులకి కనుగుడ్డే బయటికి వచ్చే ప్రమాదం ఉంది. అందుకని గాయం ఎంత చిన్నదైనా, కుక్క లేచి నడుస్తున్నా, ఆ పూటే వెట్‌కి చూపించాలి. బ్రిటన్‌లో వెట్ ప్రాక్టీసులు 24 గంటలూ అత్యవసర వైద్యం అందే ఏర్పాటు చూపించాలన్నది వృత్తి నియమం. మీ వెట్ రాత్రిపూట ఏ నంబరుకి చేయమంటారో ఇవాళే కనుక్కుని ఫ్రిజ్ మీద అంటించండి.

ఆ రాత్రి మావారు రాజాని ఇచ్చేద్దాం అన్నారు. నేనూ సరేనన్నాను. బుజ్జి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికి తెచ్చుకునే రోజు వెట్ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "తలుపు మోగినప్పుడు రెండూ ఒకేచోట ఎందుకున్నాయి?" నా దగ్గర జవాబు లేదు. రాజా మంచివాడా చెడ్డవాడా అని అప్పటిదాకా వాదించుకున్నాం. అడగవలసిన ప్రశ్న అది కాదని అప్పుడు తెలిసింది.

ఆలోచించండి. కుక్కలన్నీ ఒకే జాతి జీవులు. చివావా 3 కిలోలు ఉండదు, గ్రేట్ డేన్ 60 కిలోలు దాటవచ్చు. ఇంత తేడా ఉన్న జంతువు ఇంకోటి లేదేమో. చిన్న జాతులు చిన్నగా ఉండటానికి ఒక ముఖ్య కారణం ఒకే ఒక జన్యువులోని మార్పని 2007లో సైన్స్ పత్రికలో పరిశోధకులు చూపించారు. ఒళ్ళు మారింది, స్వభావం మాత్రం కుక్కదే. ఎవరైనా కీచుమంటే, పరుగెత్తితే వెంటపడి పట్టుకోవాలనిపించడం ఆ స్వభావంలో ఉంది. సమానమైన ఒళ్ళున్న రెండు కుక్కలు కాస్త కరుచుకుంటే చెవి మీద గీత పడుతుంది. ఇక్కడ అదే కోపం, అదే ఒక్క సెకను, ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి పెద్ద కుక్క మంచితనం మీద ఆధారపడకూడదు. ఇంటి ఏర్పాటు మీద ఆధారపడాలి. ఆ ఏర్పాటు మన పని.

మేం చేసినవి చెబుతాను.

మొదటిది గేటు. పసిపిల్లల కోసం మెట్లకి పెట్టే గేటు ఒకటి వంటింటి గుమ్మానికి, ఒకటి హాలుకి పెట్టించాం. బెల్లు మోగితే ముందు రాజా గేటు అవతలికి, ఆ తర్వాతే తలుపు. మేం ఇంట్లో లేనప్పుడు, నిద్రపోయేటప్పుడు రెండూ వేరు వేరు గదుల్లో. ఒక్కరోజు కూడా సడలించలేదు.

రెండోది తిండి. వేరు గదుల్లో పెట్టాలి, తిన్నాక గిన్నెలు తీసేయాలి. బొమ్మలు, ఎముకలూ అంతే. మన ఇళ్ళల్లో పూజలప్పుడు నేల మీద విస్తర్లు వేస్తాం. ఆ పూట రెండు కుక్కలూ గేటు అవతలే. ఇంకో మాట. పాయసంలో కిస్‌మిస్, కూరలో ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ఇవన్నీ కుక్కలకి విషమే. ఒంటి బరువుని బట్టి దెబ్బ ఉంటుంది కనుక చిన్నదానికి కొంచెం కూడా ఎక్కువే.

మూడోది చిన్నదానికి ఒక చోటు. పెద్దది దూరలేనంత చిన్న ద్వారం ఉన్న పెట్టె గానీ, ఒక మూల గానీ ఉండాలి. సోఫా మీంచి దూకితే చిన్న జాతుల సన్నటి కాళ్ళు విరుగుతాయి, మెట్లలాంటి దిమ్మ ఒకటి వేయండి.

నాలుగోది గుర్రుమంటే తిట్టకపోవడం. గుర్రుమనడం కుక్క ఇచ్చే నోటీసు. దాన్ని కొట్టి మాన్పిస్తే ఈసారి నోటీసు లేకుండానే కరుస్తుంది. అలాగే బుజ్జి వెళ్ళి రాజా ముక్కు మీద కరిస్తే మేమంతా నవ్వేవాళ్ళం. పెద్దదానికి అన్యాయం చేస్తున్నామని తట్టలేదు. ఇప్పుడు చిన్నదాన్నీ పక్కకి తీస్తాం.

ఆటా, వేటా తేడా ఎలా తెలుస్తుంది? ఆటలో పెద్దది తనంతట తాను తగ్గుతుంది, కింద పడుకుంటుంది, ఒకరి వెంట ఒకరు మారి మారి పడతారు, మధ్య మధ్య ఆగుతారు. అనుమానం వస్తే పెద్దదాన్ని పట్టుకోండి. చిన్నది మళ్ళీ దాని దగ్గరికే వస్తే ఆట. వెళ్ళి సోఫా కింద దూరితే ఆట కాదు. పెద్దది ఒళ్ళు బిగించి, నోరు మూసి, కళ్ళు ఆర్పకుండా చిన్నదాన్నే చూస్తుంటే వెంటనే విడదీయండి.

ఒకవేళ పట్టుకుంటే మధ్యలో చేయి పెట్టకండి, చిన్నదాన్ని పట్టి గుంజకండి, లోపల ఇంకా చీలుతుంది. పెద్ద చప్పుడు చేయండి, దుప్పటి విసరండి, మధ్యలో పలకలాంటిది అడ్డుపెట్టండి.

కొత్తగా రెండో కుక్కని తెచ్చేవాళ్ళు మేం చేసినట్టు నేరుగా ఇంట్లోకి తేకండి. మనకి డెన్నిస్ లేన్‌లో కంట్రీ పార్కు ఉంది, కొండ మీద స్టాన్‌మోర్ కామన్ ఉంది. ఇద్దరు మనుషులు, రెండు లీష్‌లు, మధ్య దూరం ఉంచి ఒకే దిక్కుకి నడిపించండి. రోజులు గడిచేకొద్దీ దూరం తగ్గించండి. ఆ తర్వాత పెరడు, ఆ తర్వాత ఇల్లు, అదీ గేటుతో. ఇక్కడ పరుగు పందేల నుంచి విశ్రాంతి ఇచ్చిన గ్రేహౌండ్లని చాలామంది పెంచుకుంటారు. సాధువులే, కానీ బొచ్చు చిన్న కుక్క పరుగెడితే కొన్నిటికి అది కుందేలే. చిన్న కుక్కలతో ఎలా ఉంటుందో ఆ సంస్థవాళ్ళని అడిగాకే తీసుకోండి.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం 2014 మే నుంచి మన ఇంటి లోపలికీ వర్తిస్తుంది. అదుపు తప్పిన కుక్క వల్ల మనిషికి దెబ్బ తగులుతుందన్న భయం కలిగినా నేరమే. కుక్కల పోట్లాటలో అడ్డం వెళ్ళిన అతిథిని కరిచిందంటే బాధ్యత మనదే.

ఇంత చేసినా కొన్ని జంటలు కుదరవు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పెద్దది చిన్నదాని మీదికి వెళుతుంటే, వెట్ చెప్పిన ప్రవర్తన నిపుణులకి చూపించండి. వాళ్ళూ వద్దంటే ఒకదానికి మంచి ఇల్లు వెతకడం పాపం కాదు. ఇంట్లో రోజూ భయంతో బతికించడమే పాపం.

మా రాజా ఆ తర్వాత ఐదేళ్ళు ఉన్నాడు. పెద్ద జాతులకి ఆయుష్షు తక్కువ, పోయిన వేసవిలో పోయాడు. ఆ ఐదేళ్ళలో ఇంకొక్క గాటు పడలేదు. రెండూ ఒకే గదిలో మా కళ్ళ ముందు పడుకున్న సాయంత్రాలు వందలున్నాయి, ఒక్కటిగా వదిలిన నిమిషం లేదు. అత్తయ్యగారు కిందటి నెల ఫోనులో, "ఆ రోజు నేనన్న మాట తప్పమ్మా. పెద్దవాడు చూసుకోవడం కాదు, మనమే చూసుకోవాలి" అన్నారు.

దీపావళి వస్తోంది. మీ ఇంట్లో రెండు కుక్కలుంటే ముందు ఒక గేటు కొనండి, తర్వాత టపాకాయలు.