గట్టి అంచు గుడ్డకు గట్టి కూలి కావాలి

(పొన్నైలో జరిగిన నేత కార్మికుల సమావేశంలో సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



 మేము ఎప్పుడు మైకు పట్టుకున్నా బోనసు, డి.ఏ., ప్రావిడెంట్ ఫండ్ గురించే మాట్లాడతామని మీకు తెలుసు. ఈ రోజు ఒక ప్యాంటు గురించి మాట్లాడబోతున్నాము. నవ్వకండి. అది కూడా చివరకు కూలి దగ్గరికే వస్తుంది.

పోయిన పండుగకు మన సభ్యుని కొడుకు ఒకడు బెంగళూరు నుంచి వచ్చాడు. వేసుకున్న జీన్సు ప్యాంటు ఆరు నెలలుగా ఉతకలేదట. "ఆ ప్యాంటుతో దేవుని గది గడప తొక్కొద్దురా" అని తల్లి అరుస్తోంది. "పెదనాయనా, మీరైనా చెప్పండి, ఇప్పుడే ఉతికితే నీలి పోతుంది" అని వాడు మా దగ్గరికి వచ్చాడు. ధర అడిగితే 22,000 రూపాయలన్నాడు. జపాన్‌లో నేసిన గుడ్డట. అలాంటివి ఇంకో మూడు పెట్టెలో దాచుకున్నాడట. మనలో చాలామందికి అది నెల జీతం కంటే ఎక్కువ.

నాలుగు మాటలు అందామనుకుంటూనే ప్యాంటు కాలు కింది మడత తిప్పి చూశాము. లోపల తెల్లటి గట్టి అంచు, అందులో ఒక ఎర్ర పోగు. అనాలనుకున్నది గొంతులోనే ఆగింది. అది నాడె మగ్గం మీద నేసిన గుడ్డ. మేము మిల్లులో చేరిన కొత్తలో నడిపిన మగ్గం అలాంటిదే.

తల్లిని చూసి పిల్లను అన్నట్టు, అంచును చూసి గుడ్డను ఎంచాలి. నాడె అటూ ఇటూ తిరిగేటప్పుడు పేక పోగు తెగకుండా అంచు దగ్గర మళ్ళుతుంది. అందుకే ఆ అంచు విడిపోదు. మన లుంగీ అంచూ అంతే. నాడె లేని కొత్త మగ్గాలు పేకను ప్రతిసారీ కత్తిరిస్తాయి, అంచున కుచ్చు మిగులుతుంది. కొత్త మగ్గం నాడె మగ్గం కంటే ఎన్నో రెట్లు వేగం. గుడ్డ పన్నా 60 అంగుళాలు, ఆ పైన కూడా వస్తుంది. నాడె మగ్గం మీద డెనిమ్ 28 నుంచి 32 అంగుళాలే. ఒక ప్యాంటుకు సుమారు మూడు గజాలు కావాలి. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాము.

ఇక ఉతకకపోవడం సంగతి. అద్దకం ఖాతాలో పనిచేసినవారికి ఇది తెలిసిందే. నీలిమందు నీటిలో కరగదు. మందులు వేసి కరిగిస్తే పచ్చగా మారుతుంది, పడుగు నూలు అందులో మునిగి పైకి వచ్చి గాలి తగలగానే నీలం తిరుగుతుంది. ఎన్నిసార్లు ముంచినా రంగు పోగు పైపొరలోనే ఉంటుంది, లోపలి నూలు తెల్లగానే మిగులుతుంది. మోకాలు, తొడ, జేబు దగ్గర రాపిడికి పైపొర అరిగి తెలుపు బయటపడుతుంది. పడుగుకు పెట్టిన గంజి పోనివ్వకుండా వాడితే మడతలు గట్టిపడి, మోకాలి వెనక తేనెపట్టులాంటి గీతలు వస్తాయి. మనిషి నడక, కూర్చునే తీరు, జేబులోని వస్తువు, అన్నీ గుడ్డ మీద అచ్చుపడతాయి. ఏ ఇద్దరి ప్యాంటూ ఒక్కలా ఉండదు. వీళ్ళు డబ్బిచ్చి కొనేది ఆ ముద్రను. మన నాన్నలు ఏళ్ళ తరబడి కట్టిన పంచెకూ అలాంటి ముద్రే ఉండేది, కాకపోతే దాన్ని పాతగుడ్డ అన్నాము.

జపాన్‌కు ఈ పని ఎలా వచ్చింది? ఒకాయామా జిల్లాలోని కొజిమాలో మొదట బడి పిల్లల యూనిఫారాలు కుట్టేవారు. 1960లలో అమెరికా గుడ్డ తెచ్చి జీన్సు కుట్టడం మొదలుపెట్టారు. 1973లో కురాబో మిల్లు జపాన్‌లోనే డెనిమ్ నేసింది. హిరోషిమా జిల్లాలోని కైహారా కుటుంబం 1893 నుంచి కసూరి నేసేది. కసూరి అంటే మన పోచంపల్లి ఇక్కత్తు లాగా నూలును ముందే కట్టి నీలిలో అద్ది నేసే గుడ్డ. కసూరి కట్టేవారు తగ్గిపోతే వాళ్ళు చేతులు ముడుచుకోలేదు. నీలి అద్దకంలో తమకున్న నేర్పుతో 1970లో డెనిమ్ నూలు అద్దకానికి దిగారు. సాకిచి టొయోడా 1924లో తయారుచేసిన ఆటోమేటిక్ నాడె మగ్గం సంతతి ఇప్పటికీ అక్కడ ఆడుతూనే ఉంది.

అమెరికాలో కథ వేరు. ఉత్తర కరొలినా రాష్ట్రంలో 1905లో మొదలైన వైట్ ఓక్ మిల్లులో పాత డ్రేపర్ మగ్గాలు ఇలాంటి గుడ్డనే నేసేవి. ఆ గుడ్డకు ప్రపంచమంతా పేరుంది. అయినా 2017 డిసెంబరు 31న ఆ మిల్లు మూతపడింది. గుడ్డకు పేరు వచ్చినంత మాత్రాన కార్మికుని ఉద్యోగానికి భద్రత రాదని అక్కడి మన సోదరుల అనుభవం చెబుతోంది.

మన అనుభవమూ అదే చెబుతుంది. 1958లో అమెరికా వ్యాపారి ఒకరు మద్రాసుకు వచ్చి, కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ దగ్గర చేనేత చెక్స్ గుడ్డ కొని, బ్రూక్స్ బ్రదర్స్ దుకాణానికి అమ్మాడు. ఉతికితే రంగు కారింది. కొన్నవాళ్ళు గొడవ చేశారు. అప్పుడు వ్యాపారులు ఏం చేశారు? రంగు కారడమే దాని గొప్ప అని ప్రచారం చేశారు! 'బ్లీడింగ్ మద్రాస్' అనే పేరుతో అది ఫ్యాషనైపోయింది. తప్పు అనుకున్నది రాత్రికి రాత్రి గుణమైంది. ఆ గుణానికి వచ్చిన ధరలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకు కూర్చున్నవానికి ఎంత దక్కిందో మీరే ఊహించుకోండి.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. మన అబ్బోడు రెండేళ్ళు ఓపిక పట్టి ప్యాంటు తానే అరగదీస్తాడు. ఆ ఓపిక లేనివారికి ముందే అరిగినట్టున్న ప్యాంటు కావాలి. టర్కీలో చిన్న చిన్న షెడ్లలో కుర్రవాళ్ళు గాలి గొట్టాలతో ఇసుక కొట్టి ప్యాంట్లను అరగదీశారు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ పట్టుకుంది. రాతి క్వారీల్లో పాతికేళ్ళకు వచ్చే జబ్బు వాళ్ళకు కొద్ది ఏళ్ళలోనే వచ్చింది. ఎందరో ప్రాణాలు పోయాయి. 2009లో టర్కీ ప్రభుత్వం ఆ పనిని నిషేధించింది. అంతదాకా ఆ ప్యాంట్ల మీది తెల్లమచ్చలు మనుషుల ఊపిరి ఖర్చుతో వచ్చినవే.

పాత మగ్గాలను పొగిడి ఆ కాలం తిరిగి రావాలని మేము అనడం లేదు. ఆ మోతలో పనిచేసి మాకు కుడి చెవి సరిగా వినపడదు. నాడె ఎగిరి తగిలిన మచ్చ నుదుట ఇంకా ఉంది. 1990లలో యాజమాన్యం మా షెడ్డులోని మగ్గాలను కిలో లెక్కన అమ్మినప్పుడు, పోతే పోనీ పాత ఇనుము అని మేమూ అనుకున్నాము. మగ్గాలతో పాటు వాటిని సరిచేసే జాబర్లు, ఫిట్టర్లు, వారి చేతి పని కూడా పోయాయి. అప్పుడు ఆ సంగతి ఆలోచించలేదు. అది మా తప్పు, ఒప్పుకుంటున్నాము.

అందుకే ఈ సభ ముందు మూడు విషయాలు పెడుతున్నాము.

ఒకటి: నాడె మగ్గం మీద గట్టి అంచు గుడ్డ ఆర్డరు వస్తే మీటరు లెక్క కూలి ఒప్పుకోవద్దు. మగ్గం నిదానం, పన్నా తక్కువ. మీటరు లెక్క పెడితే ధర ఎక్కువ పలికే గుడ్డకు మనకు కూలి తక్కువ వస్తుంది. గంటల లెక్కన, లేదా ఆ నిదానానికి తగిన రేటున అడగాలి.

రెండు: ఇసుకతో, మందుతో గుడ్డను అరగదీసే పని ఏ షెడ్డులో కనబడినా వెంటనే సంఘానికి తెలియజేయండి. చెవులకు రక్షణ, ధూళి లాగే ఫ్యాను యాజమాన్యం దయ కాదు, మన హక్కు.

మూడు: నాడె మగ్గం బిగించడం, సరిచేయడం తెలిసిన పెద్దల పేర్లు వచ్చే సమావేశానికి రాసి తీసుకురండి. వారి దగ్గర నేర్చుకోవడానికి ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళనైనా పంపుదాము.

చివరగా, ఆ అబ్బోడు మమ్మల్ని ఒక మాట అడిగాడు: "ఈ గుడ్డ నేసినవాళ్ళు ఎవరో ఎప్పటికైనా తెలుస్తుందా పెదనాయనా?" ప్యాంటు లోపల తోలు చీటీ మీద కంపెనీ పేరుంది, ఊరి పేరుంది, నేసినవాని పేరు లేదు. తెలియదని చెప్పాము. వాళ్ళమ్మకు మాత్రం, ఇంకో నెల ఆగి చన్నీళ్ళలో విడిగా ఉతకమని చెప్పి వచ్చాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!